గోడకు ఆనుకొని చేసే ధ్యానం

ధ్యానానికి నిశ్శబ్దమైన చోటు కావాలని చెప్పేవాళ్ళెవరూ మా పక్క పుట్టినవాళ్ళు అయ్యుండరు. పుస్తకాల్లో అదే ఉంటుంది, క్లాసుల్లో అదే చెప్తారు, ఇప్పుడు ఫోన్లో కూడా ఒక మెత్తటి గొంతు అదే చెప్తుంది. అలజడి లేని గది చూసుకోవాలంట, తలుపు వేసుకోవాలంట, కళ్ళు మూసుకోవాలంట. సప్పుడు లేని పూట, మూసిన తలుపు వెనక, కళ్ళు మూసుకుని కూర్చోవడమంటే ఏందో ఆ గొంతుకు తెలియదు. మా అన్నకు తెలుసు. ఆయన్ను చూసి నాకు తెలిసింది. అందుకని ఈ విషయంలో ఎంత పెద్ద గురువుతోనైనా వాదిస్తాను. వాదించకుండా ఉన్నది ఎప్పుడు అని మా ఆయన అడుగుతాడు, అది వేరే సంగతి.

ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ళ వెనక సందులో, ఒక నూలు గోడౌన్ మిద్దె మీద మా ధ్యానం క్లాసు జరిగేది. నేర్పేటాయన కోస్తా మనిషి, బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైనాడు. కూతురిని మా ఊరికి ఇచ్చి, భార్య పోయినాక ఆ కూతురి దగ్గరే ఉండిపోయినాడు. అందరం మాస్టారూ అనేవాళ్ళం. మొదటి రోజు ఆయన జంపఖానాలు వరసగా పరిపించి, అందరూ తనకెదురుగా కూర్చునేటట్టు ఏర్పాటు చేసుకున్నాడు. అంటే మా వీపులు తలుపు దిక్కు ఉంటాయి. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు, తట్టాల్సిన అవసరం ఆయన బతుకులో రాలేదు.

వచ్చినోళ్ళు వచ్చినట్టు జంపఖానాల అంచులు పట్టుకుని గోడల దగ్గరికి ఈడ్చుకుపోయినారు. వీపు గోడకు ఆనించి, మొహం తలుపుకు పెట్టి కూచున్నారు. గోడ దొరకనోళ్ళు స్తంభం చూసుకున్నారు. హాలు నడుమంతా ఖాళీ. ఆ ఖాళీలో బంగారు అంగడి సేట్ల ఇంటి ఆడవాళ్ళిద్దరు, గుజరాతీ కట్టు చీరల్లో, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు కూచున్నారు.

"ముందుకు రండి అండీ, మధ్యలో ఇంత చోటుంది కదా" అన్నాడు మాస్టారు.

"ఈడే బాగుండాది స్వామీ" అన్నాడు మా జిల్లా ఖాజీపేట దగ్గర సేద్యం చేసుకునే ఒక పెద్దాయన. "నడుము నొప్పి. ఆనుకోకుంటే కూచోలేను."

"నాకూ నడుము నొప్పే సార్" అన్నాడు ఆయన పక్కనోడు.

"అందరికీ నడుము నొప్పేనా?"

"ఈ జిల్లాలో అందరికీ అదే జబ్బు మాస్టారూ" అన్నాను నేను. "మీరు వరసలు మానుకోండి."

ఆయన తమాషా అనుకుని నవ్వినాడు. గోడల వెంట కూచున్నోళ్ళు కూడా నవ్వినారు గానీ ఎవరూ లేచి నడిమికి రాలేదు.

ఆ గోడలన్నిట్లోకి మంచి చోటు, తలుపు పూర్తిగా కనిపించే మూల, మా అన్నది. తొందరగా పోయి పట్టుకునేవాడు. ఆయన్ను అక్కడికి తీసుకుపోయింది నేనే. బీపీ మాత్రలు ఎన్ని మార్చినా దిగకపోతే డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పినాడు. ఈ మనిషి నిద్రపోవడం లేదు, లైటు వేసుకుని కూర్చునే తూగుతాడంట, రెప్ప మూసి మనసును నిమ్మళం చేసుకోకుంటే ఏదో ఒకనాడు తలలో నరం తెగుతుంది అని. ప్రాణాయామమో, ధ్యానమో, ప్రార్థనో, ఏదైనా పర్వాలేదు, కళ్ళు మూసుకోవాల. అంతే. మాత్రలకు లొంగనిది దానికి లొంగుతుందని ఆయన నమ్మకం. ఆ పొద్దు నుంచి మా అన్న కళ్ళు మూయించడమే నాకు పనైంది.

ప్రార్థన మాకు కొత్త కాదు. మా ముత్తాత నాడే మిషను వాళ్ళ దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం మాది. చర్చిలో ప్రతి ప్రార్థనకూ ముందు "తలలు వంచి కళ్ళు మూసుకుందాం" అంటారు. ఊరంతా తల వంచుతుంది, మా అన్న మాత్రం తల ఎత్తుకుని తలుపు దిక్కు చూస్తా ఉంటాడు. ఒక ఆదివారం మా వరసలో కూర్చునే ఒకామె నన్ను ఆపి చెప్పింది.

"మీ అన్న ప్రార్థనలో కండ్లు తెరుచుకోని కూచుంటాడక్కా. పిల్లోళ్ళు చూస్తే ఏం నేర్చుకుంటారు?"

"నువ్వెట్ల చూసినావు? నీ కండ్లు మూసుకోలేదా?"

ఆమె నాతో మాట్లాడ్డం మానేసింది. ధ్యానం క్లాసుకు పోతున్నామని తెలిసి సంఘపెద్ద ఇంటికే వచ్చినాడు, అది మన పద్ధతి కాదని. కళ్ళు మూసుకునేది దేవుని కోసమైతే భక్తీ, డాక్టరు కోసమైతే పాపమా అని అడిగితే, కాఫీ సగంలో పెట్టి లేచిపోయినాడు. ఇంతమందితో నేను కొట్లాడతా ఉంటే, ఎవరి కోసం కొట్లాడతాన్నానో ఆయన మాత్రం మా ఇంటి మిద్దె మీది గదిలో కిటికీ పక్కన కూచుని వీధి చూస్తా ఉండేవాడు.

మా అన్న చిన్నప్పుడు ఇట్లా లేడు. ప్రార్థనలో నాకంటే గట్టిగా కళ్ళు మూసుకునేవాడు, మొహమంతా ముడతలు పడేంత. జమ్మలమడుగు నుంచి పెన్న దాటి లోపలికి పోతే వచ్చే పల్లె మాది. ఆ పల్లెలో సప్పుడు లేని పూట అంటూ ఉండేది కాదు. మా ఇంటి పక్కనే పిండిమర. ఎదురింటి అవ్వ పొద్దున లేచినప్పటి నుంచి కోళ్ళనో కోడలినో తిడతానే ఉండేది. ఆమెకు గొంతు నొప్పి వచ్చి ఊరుకుంటే కోళ్ళే వచ్చి గడప ముందర నిలబడేవని మా నాయన ఎగతాళి చేసేవాడు.

ఆ సారి ఎలక్షన్లలో మా నాయన బూతులో ఒక పార్టీకి ఏజెంటుగా కూచున్నాడు. పెద్ద రాజకీయం తెలిసినోడు కాదు. అక్షరాలు గుండ్రంగా రాస్తాడనీ, ఎవరి పేరు ఏ వీధిలో ఉందో తెలుసనీ కూచోబెట్టినారు. మధ్యాహ్నం అవతలి పార్టీ వాళ్ళు వచ్చి లేచి పొమ్మన్నారు. తక్కిన ఏజెంట్లు లేచిపోయినారు. మా నాయన, సాయంత్రం దాకా కూచోమన్నారు గదప్పా, కూచుంటా అన్నాడంట. ఆయన చేసింది అంతే. ఆ పొద్దు ఎవరూ ఏమీ అనలేదు. గెలిచినోళ్ళు గెలిచినారు, ఊరేగింపు పోయింది, మేం మర్చిపోయినాం.

తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున ఊరు సద్దుమణిగింది. పిండిమర ఆడలేదు. వీధిలో పిల్లోళ్ళు లేరు. ఎదురింటి అవ్వ కోళ్ళను వదలనే లేదు, తలుపు దగ్గరకు వేసి ఉంది. అమ్మ చెనక్కాయలు వలుస్తా తలెత్తి "ఏందే, ఊరంతా పండుకున్నట్టుండాదే" అనింది. నాకు ఇంటర్ పరీక్షలు. ఇంత ప్రశాంతంగా చదువుకునే పూట మళ్ళా దొరకదని పుస్తకం ముందేసుకుని కూచున్నాను. నిజం చెప్తున్నాను, ఆ పొద్దు చదివినంత బాగా నేనెప్పుడూ చదవలేదు. ఒక్కొక్క పేరా ఒక్క తూరి చదివితే తలలో నిలిచిపోయింది. ఇప్పటికీ ఆ పాఠం నాకు కంఠతా వస్తుంది, రాకుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

అన్న పెరట్లో గొడ్లకు నీళ్ళు పెట్టి లోపలికి వచ్చినాడు. వాకిట్లో నిలబడి చెవి ఒగ్గినాడు. నాయన యాడికి పోయినాడని అమ్మను అడిగినాడు. చేను చూసొస్తానని వంక దారిన పోయినాడని అమ్మ చెప్తా ఉండంగానే, మా అన్న మొహం నాకు తెలియని మొహం అయిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు తీసినాడు. వీధిలో తలుపులన్నీ లోపల గడి పెట్టి ఉన్నాయంట. ఒక్కో తలుపు కొట్టుకుంటా పోయినాడంట, రాండప్పా, రాండి మామా అని. ఎవరూ తీయలేదు. లోపల మనుషులున్నారు, ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు, అది బయటికి తెలుస్తానే ఉందంట. వంక దగ్గరకు పోయేసరికి అంతా అయిపోయింది.

ఊరందరికీ తెలుసు. పొద్దున్నే తెలుసు. మాకే తెలియదు.

ఆ తర్వాత అమ్మనూ నన్నూ మేనమామ వచ్చి పులివెందులకు తీసుకుపోయినాడు. ఆయన ఇల్లు బస్టాండు పక్కనే. పొద్దస్తమానం హారన్లు, కండక్టర్ల కేకలు, సోడా బండ్ల గోల. అమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టిన పూటనే చాప వేసుకుని పండుకుని, మరుసటి పొద్దు దాకా లేవలేదు. ఇంత గోలలో ఎట్లా నిద్ర పట్టిందో అని మా అత్త అందరికీ చెప్పుకునింది. నాకూ వింతగానే ఉండె. అప్పుడే అర్థం చేసుకుని ఉంటే నాకు శానా వాదనలు తప్పేవి.

అన్న మాతో రాలేదు. నాయన ఏ పార్టీకి కూచున్నాడో ఆ పార్టీ పెద్దాయన జీపులో ఎక్కినాడు. ఆ యేండ్లలో ఏం చేసినాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నాకు తెలిసిందల్లా, ఆ పెద్దాయన ఇంటి మిద్దె మీద కూచుని సప్పుడు వినడం ఆయన పని. ఏ బండి వస్తాంది, ఏ కుక్క మొరిగింది, ఏ కుక్క మొరగాల్సింది మొరగలేదు. పెండ్లి చేసుకోలేదు. రేపుంటాడో లేదో తెలియనోనికి పిల్లనెవరిస్తారు మ్మే అని నవ్వేవాడు.

తర్వాత రాజీ అయింది. ఎలక్షన్ల ముందు పైనుంచి ఎవరో పిలిచి, మా పెద్దాయననూ అవతలి పెద్దాయననూ ఒకే పార్టీలో కలిపేసినారు. ఒక పెండ్లిలో ఇద్దరూ ఒకే సోఫాలో కూచుని భోజనాలు ఎట్లున్నాయో మాట్లాడుకున్నారంట. ఆ వారమే మా అన్న ఒక సంచి పట్టుకుని ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చినాడు.

"ఇంక పని లేదంట మ్మే. వాళ్ళిద్దరూ కండ్లు మూసుకోని పండుకుంటాండారు. మాకే ఎట్ల మూసుకోవాల్నో తెలీకుండా పోయింది."

క్లాసు సంగతికి వస్తాను. గోడౌన్ పక్క సందులో మరమగ్గాలుండేవి. టకటకటక అని ఎడతెరిపి లేకుండా కొట్టుకుంటా ఉండేవి. మాస్టారికి అది ప్రాణసంకటం. కిటికీలకు స్పాంజి కుక్కించినాడు, తలుపు సందుల్లో గుడ్డలు పెట్టించినాడు. "శబ్దాన్ని తిట్టకండి, మేఘంలా వచ్చి పోనివ్వండి" అని మాకు చెప్తా, తాను మాత్రం పళ్ళు బిగబట్టుకునేవాడు. ఒక పొద్దు అన్న నా పక్కకు వంగి, ఆ కిటికీ తెరువు మ్మే అన్నాడు. ఉక్కగా ఉందేమోనని స్పాంజి పీకి తెరిచినాను. మగ్గాల సప్పుడు హాలంతా నిండింది. కాసేపటికి తిరిగి చూస్తే మా అన్న రెప్పలు వాలి ఉన్నాయి. ఒక్క ఊపిరి తీసి వదిలేంత సేపు. మళ్ళీ తెరిచినాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

ఇంకో పొద్దు ఎవరికో బెయిలు వచ్చిందని సందు మొదట్లో టపాకాయలు కాల్చినారు. మాస్టారు కళ్ళు మూసుకునే "అది వట్టి శబ్దం, దాన్ని వెళ్ళనివ్వండి" అన్నాడు. వెళ్ళినాక కళ్ళు తెరిచి చూస్తే, ఎదురుగా సేట్ల ఇంటి ఆడవాళ్ళు తప్ప ఎవరూ లేరు. గోడల వెంట ఉన్నోళ్ళంతా బీరువా వెనక, స్తంభాల వెనక, మెట్ల మీద. ఖాజీపేట పెద్దాయన అందరికంటే ముందు బయటికి వచ్చి పంచె దులుపుకున్నాడు.

"టపాకాయలే స్వామీ. నాటుబాంబుకు ఇంత మోత ఉండదు, మొద్దుగా ఉంటాది."

"మీకెలా తెలుసండీ?"

"నడుము నొప్పి ఊరికే వచ్చిందనుకున్నారా?"

అప్పుడు అర్థమైంది మాస్టారికి, ఎవరికీ నడుము నొప్పి లేదని. ఆ పొద్దు పాఠం చెప్పలేదు. మాకు మేలు చేయాలని ఆయన మనసులో గట్టిగా అనుకున్నాడు, అనుకుని, మంచి మనుషులు చేసే పనే చేసినాడు. ఊరికి దూరంగా, జమ్మలమడుగు రోడ్డులో, తన శిష్యుని చీనీతోటలోకి క్లాసు మార్చినాడు. తోట నడుమ రేకుల షెడ్డు. మూడు పక్కలా గోడల్లేవు. చెట్లు తప్ప ఏమీ లేవు.

"ఇంతకంటే ఏం కావాలండీ. చీమ నడిచినా వినబడుతుంది" అన్నాడు సంతోషంగా.

"అదే కదా స్వామీ వచ్చిన చావు" అన్నాడు ఖాజీపేట పెద్దాయన, మెల్లగా.

అందరూ ఉన్న ఒక్క గోడకు ఒకరినొకరు ఒరుసుకుంటా కూచున్నారు. గంట మోగించి మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. గాలి కూడా లేదు. నేను అన్నను చూస్తా ఉన్నాను. ఆయన కళ్ళు ఒక చెట్టు మీది నుంచి ఇంకో చెట్టు మీదికి పోతున్నాయి. చొక్కా వీపంతా తడిసిపోయింది. పొద్దున్నే, ఎండ కూడా ఎక్కలేదు. కాసేపటికి లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, తోట దాటి రోడ్డు మీదికి పోయి లారీలు పోయే చోట నిలబడినాడు. దూరం నుంచి చూస్తే బస్సు కోసం నిలబడిన మామూలు మనిషి మాదిరే ఉన్నాడు.

నేను మాస్టారిని పట్టుకున్నాను.

"మీ ఊళ్ళో నిశ్శబ్దమంటే ఏందండీ?"

ఆయన ఆలోచించి చెప్పినాడు. "ఏమీ జరగకపోవడం అమ్మా."

"మా ఊళ్ళో నిశ్శబ్దమంటే, ఏం జరగబోతాందో అందరికీ తెలిసిపోయి ఉండడం. మనకు తప్ప."

ఆయన  చేతిలో గంటను సంచిలో పెట్టుకున్నాడు. వాదనలో నేను గెలిచినాను. గెలిచి ఏం చేసుకోవాలో తెలియక ఆ చెట్ల కింద నిలబడినాను. ఆ మాట నాకైనా అంతకుముందు తెలియదు, నోట్లోంచి వచ్చినాకనే తెలిసింది. మళ్ళీ పాత హాలుకే పోదామమ్మా అన్నాడాయన. అది అప్పటికే ఎవరికో పెండ్లి బట్టల సరుకు పెట్టుకోడానికి ఇచ్చేసినారు. క్లాసు ఆగిపోయింది. మిగిలినోళ్ళంతా వారానికొకసారి ఎవరో ఒకరి అంగట్లో కలిసి టీ తాగేవాళ్ళు, అదీ గోడ వారనే.

ఆ శ్రావణంలో ఎదురింటి మగ్గాల వాళ్ళు మనవడికి పుట్టెంట్రుకలు తీయించడానికి గండి గుడికి పోతా మమ్మల్నీ పిలిచినారు. మేం గుడిలోపలికి పోయేవాళ్ళం కాదు గానీ పాపాఘ్ని ఒడ్డున భోజనాలకు కూచుంటాం, అది ఎప్పటి నుంచో ఉన్న పొత్తు. శనివారం. ఇసక వేస్తే రాలనంత జనం. మైకులో తప్పిపోయిన పిల్లల కేకలు, గంటలు, గుండు కొట్టించుకునే బిడ్డల ఏడుపు, బొరుగులు అమ్మేవాళ్ళు, ట్రాక్టర్లు వెనక్కి తీసేవాళ్ళ అరుపులు. భోజనానికి అన్నను వెతుకుతా పోతే, పందిరి నడుమ, ఎవరివో బట్టల మూట తల కింద పెట్టుకుని పండుకుని ఉన్నాడు. వీపు వెనక గోడ లేదు. తలుపు అనేదే లేదు. కళ్ళు మూసుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నపిల్లోని మాదిరి. ఆయన్ను దాటుకుంటా మనుషులు పోతాన్నారు. ఒకామె కాలు తగిలి, ఏమనుకోవద్దు మామా అంటే కూడా లేవలేదు.

నేను ఆ మూట పక్కన ఇసకలో కూచున్నాను. ఆకలైంది, లేవలేదు. అంతసేపు నేను మాట్లాడకుండా ఉండడం మా ఆయన అప్పుడే చూసినాడంట.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ సమాధి చూసి పోదామని పులివెందుల మీదుగా వచ్చినాం. సమాధుల తోట గోడ బయట బస్సులు మోగుతాన్నాయి. అక్కడ అడిగినాను, గండిలో అంత నిద్ర ఎట్ల పట్టిందని.

"సప్పుడుంటే ఎవురికీ ఏమీ తెలీదని లెక్క మ్మే. ఎవుని పాటికి వాడు అరుస్తాండాడు అంటే, ఏమీ దాచిపెట్టుకోలేదని. అప్పుడు నేను వినాల్సిన పని లేదు" అన్నాడు. అమ్మ సమాధి మీద పడిన వేపాకులు ఏరతా ఇంకో మాట అన్నాడు. "అమ్మకు ఈ సంగతి మనకంటే ముందే తెలుసు. ఈ బస్టాండు గోలలోకి వచ్చి పండుకునింది."

ఇంటికి వచ్చినాక ఒక అలవాటు చేసుకున్నాడు. నేను కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చి వంట మొదలుపెట్టంగానే కుర్చీ తెచ్చుకుని వంటింటి గడప దగ్గర వేసుకునేవాడు. నేను వంట చేస్తా ఊరుకోను. ప్రిన్సిపాలును తిడతాను, గ్యాసు బండను తిడతాను, పౌరుల హక్కులు అనే పాఠం చెప్తాంటే వెనక బెంచీలో నిద్రపోయిన పిల్లను తిడతాను.

"నీకేం పని లేదాన్నా, ఈడ కూచుంటావు, నా వాగుడు వింటా?"

"నువ్వు తిట్టుకో మ్మే. నేనేమన్నంటినా?"

ఒక సాయంత్రం కాలేజీలో ఎవరితోనో మాట మాట పెరిగి, మనసు బాగలేక నోరు మూసుకుని వంకాయలు తరుగుతున్నాను. వెనక కుర్చీ కదిలింది. అన్న సగం లేచి నిలబడి ఉన్నాడు, చేయి తలుపు చెక్క మీద.

"ఏందిమే? ఏమైంది?"

"ఏమీ కాలేదు."

"మరి మాట్లాడ్తా ఉండు."

అప్పుడు గమనించినాను, అంతదాకా ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడని. ఆ పూట ఒక్కటే కాదు, అన్ని సాయంత్రాలూ. నేను పొయ్యి వైపు తిరిగి వాగుతా ఉంటే, నా వీపు వెనక ఆయన ధ్యానం చేసుకుంటా ఉన్నాడు. నోరు మూసుకో అని నాకు చెప్పనోళ్ళు లేరు, బళ్ళో అయ్యవార్లతో మొదలుపెట్టి. మాట్లాడమని అడిగినోడు మా అన్న ఒక్కడే. వంకాయల మీద పడినాను. ఏం పుచ్చులు, ఏం చేదు, మార్కెట్లో మొహాలు చూసి అంటగడతారు అని. కుర్చీ మళ్ళీ సర్దుకున్న సప్పుడు వినిపించింది.

అట్లా కొంతకాలం నడిచింది. బీపీ కూడా కాస్త దిగింది. డాక్టరు ధ్యానం బాగా పని చేస్తాంది, మానొద్దు అన్నాడు. మానలేదు. నేనూ మానలేదు. కానీ తెగాల్సిన నరం ఎప్పుడో పలచబడి ఉండిందంట.

ఒక పొద్దున పళ్ళు తోముకుంటా పడిపోయినాడు. ఆసుపత్రిలో అద్దాల గదిలో పెట్టినారు. ఏసీ. చెప్పులు బయట. గోడ మీద వేలు పెదవుల మీద పెట్టుకున్న పాప బొమ్మ. మంచం తల తలుపు వైపు ఉంది. మా అన్నకు ఒక పక్క పడిపోయింది, మాట పోయింది, కదిలే కన్ను ఒక్కటి వెనక్కి, తలుపు వైపు తిరగాలని గుంజుకుంటాంది.

"మంచం తిప్పండి" అన్నాను.

"తిప్పకూడదు మేడమ్, వైర్లుండాయి" అనింది నర్సు, మా తట్టు పిల్లే.

"వైర్లు కూడా తిప్పమ్మా."

ఆ పిల్ల నన్ను చూసింది, ఆయన కన్ను చూసింది, ఏమనుకునిందో ఇంకో మనిషిని పిలుచుకుని వచ్చి తిప్పింది. ఆయనకు తలుపు కనపడింది. కానీ కన్ను మూతపడలేదు. ఆ గదిలో మిషన్ సప్పుడు తప్ప ఏమీ లేదు. నేను స్టూలు లాక్కుని కూచుని మొదలుపెట్టినాను. ప్రిన్సిపాలు, గ్యాసు, ఎదురింటోళ్ళ మగ్గానికి వచ్చిన కొత్త రిపేరి.

"మేడమ్, ఈడ మాట్లాడకూడదు. పేషంటుకు నిమ్మళంగా ఉండాల."

"నిమ్మళం కోసమే తల్లీ. పో, డాక్టరును పిలుచుకునిరా, ఆయనకూ చెప్తా."

పిలవలేదు. తలుపు దగ్గరకు వేసి, మళ్ళీ ఏమనుకునిందో కొంచెం తెరిచిపెట్టి పోయింది. నేను మాట్లాడతానే ఉన్నాను. ఏడిస్తే గొంతు ఆగిపోతుందని ఏడవలేదు. మా ఊరి అవ్వ కోళ్ళను తిట్టే తిట్లు కూడా గుర్తుకొచ్చినాయి, అవీ తిట్టినాను. మధ్యాహ్నానికి ఆ కన్ను మెల్లగా మూతపడింది. తర్వాత మిషన్ సప్పుడు మారింది. నర్సు వచ్చి నా భుజం మీద చేయి వేసేదాకా నేను మార్కెట్ సంగతి చెప్తానే ఉన్నాను.

సమాధుల తోటకు జనం బాగానే వచ్చినారు. మాస్టారు వచ్చినాడు. క్లాసు వాళ్ళంతా వచ్చి, లోపల అంత చోటున్నా కాంపౌండు గోడకు ఆనుకుని వరసగా నిలబడినారు. పాస్టరు ప్రార్థన ముగించబోతా ఉంటే బండ్లు వచ్చి ఆగినాయి. మా పెద్దాయన. రాజీ అయినాక అన్నను ఒక్కనాడు చూడరాని మనిషి, పెద్ద పూలదండతో వచ్చినాడు. వెనక తుపాకులు పట్టుకున్న పోలీసులు. దండ వేసి, జనం వైపు తిరిగి, సభలో మాట్లాడే గొంతుతో చెప్పినాడు.

"నాకు సొంత తమ్ముడు లాంటోడు. ఆయన ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

అందరూ తల వంచినారు. పిల్లను ఎత్తుకున్న ఒకామె పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టింది. గుంత పక్కన మన్ను పోసే వాళ్ళు పారలు కింద పెట్టినారు. ఒక్క సప్పుడు లేదు. ఇంతమంది మనుషులు, ఊపిరి బిగబట్టుకుని. ఆ పొద్దు మా ఊరు ఎట్లుండెనో అట్లే. అన్న పెట్టెకు ఇంకా మూత బిగించలేదు.

"అన్నా" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఈ పొద్దు మార్కెట్లో వంకాయలన్నీ పుచ్చులేన్నా. ఏరుకుందామంటే ఏరనీయడు, తీసుకుంటే తీసుకో లేకుంటే పో అంటాడు."

చర్చిలో నాతో మాట మానేసినామె వచ్చి నా చేయి పట్టుకునింది. "ఊరుకో అక్కా, మౌనం." పెద్దాయన కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూసుకున్నాడు. పాపం, మతి తప్పిందని ఎవరో అన్నారు.

"ఊరుకోను" అని ఆమెకు చెప్పి, మళ్ళీ పెట్టె వైపు తిరిగినాను. "బెండకాయలైనా తెద్దామంటే ముదర."

గోడ దగ్గర నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. ఖాజీపేట పెద్దాయన.

"వాన లేకుంటే అంతేమ్మా. మా తట్టు కూడా వంకాయకు పుచ్చే పట్టుకునింది. మందు కొట్టినా పోలేదు."

"ఏం మందు కొట్టినావు మామా?" అని అడిగినాడు పక్కనోడు.

"ఏదో అంగడోడు ఇచ్చింది."

"అంగడోడు ఇచ్చింది కొడితే యాడ పోతాది?"

ఇంకొకరు అందుకున్నారు, ఇంకొకరు. మాస్టారు, ఎప్పుడూ లేనిది, తన కోస్తా యాసలో వాళ్ళ ఊరి కాలవల సంగతి మొదలుపెట్టినాడు. ఆ తల్లి చేయి తీసేసింది, పిల్ల ఏడుపు అందుకునింది. రెండు నిమిషాలు ఎప్పుడు అయిపోయినాయో నాకు తెలియదు. పెద్దాయన బండి ఎప్పుడు ఎక్కినాడో చూడలేదు. మన్ను పడే సప్పుడు మొదలైనాక కూడా గోడ వారన వాళ్ళు, పెట్టె వైపు మొహం పెట్టుకుని నేను, మాట్లాడతానే ఉన్నాం.